ఒక్క గోరా, పది గోళ్లా? కుక్క గోటి బాధల్లో ఏ దారి ఎంచుకోవాలి

మా కుక్క కాటుకకు ఒంటి మీది బొచ్చు ఎంత నలుపో గోళ్లూ అంతే నలుపు. ఒక సాయంత్రం అది గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాక చూస్తే నేల మీద అడుగుకొక ఎర్రచుక్క కనిపించింది. కుడి ముందుకాలు పట్టుకుని చూశాను. మూడో వేలి గోరు మొదట్లో చీలి, పక్కకు తిరిగి, సన్నటి పొర ఆధారంగా వేలాడుతోంది. లాగేద్దామా, కట్టు కడదామా, తెల్లవారేదాకా ఆగుదామా, ఇప్పుడే పశువైద్యుల దగ్గరకు వెళ్దామా అని నాలుగు ఆలోచనలు ఒక్కసారే వచ్చాయి. వాటిలో తప్పుదాన్నే ఏరుకున్నాను. బిగించి కట్టు కట్టి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు విప్పితే లోపలి గుడ్డ తడిసి వాసన వేస్తోంది, వేలు రెండింతలు వాచింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఏమిటో అక్షరాలా అప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి కుక్కలు పెంచే మిత్రులు గోటి గురించి అడిగితే నేను మందు పేరో కత్తెర పేరో చెప్పను. ముందు గోళ్లు లెక్కపెట్టమంటాను. చాలా కుక్కలకు మొత్తం 18 ఉంటాయి. ఒక్కో పాదానికి నేలను తాకేవి నాలుగు, ముందుకాళ్లకు లోపలివైపు కాస్త ఎత్తులో ఒక్కొక్కటి అదనం. ఈ పై గోరు మన బొటనవేలి గోరుకు సాటి. గ్రేట్ పిరనీస్, బ్రియార్డ్ వంటి జాతుల్లో వెనక కాళ్లకు కూడా ఇలాంటివి, అదీ జంటలుగా ఉంటాయి. వీటిలో చెడింది ఒక్కటేనా, ఒకే పాదంలో రెండు మూడా, వేర్వేరు పాదాల్లోనా అన్నది తేల్చుకోవాలి. ఒక్క గోరే చెడితే కారణం సాధారణంగా ఆ వేలి దగ్గరే ఉంటుంది: దెబ్బ, చీము, ఒక్కోసారి కణితి. నాలుగు పాదాల్లోనూ చెడుతుంటే కారణాన్ని వేలి దగ్గర కాదు, ఒంట్లో వెతకాలి. ఈ లెక్క తప్పితే ఆ తర్వాత ఎంత మంచి మందు ఎంచుకున్నా అది వేరే జబ్బుకు మందు అవుతుంది.

విరిగిన గోరు: ఉంచాలా, తీయించాలా

కుక్క గోరు మన గోరులాగా పలక కాదు. పైన గట్టి కెరటిన్ తొడుగు, దాని లోపల రక్తనాళాలు, నరాలు నిండిన మెత్తటి గుజ్జు, మొదట్లో ఆ గుజ్జు కింద వేలి చివరి ఎముక ఉంటాయి. తొడుగు కొన మాత్రమే విరిగి, నెత్తురు రాకపోతే అది జబ్బే కాదు. పదునైన అంచును అరగదీసి వదిలేయవచ్చు. గుజ్జు బయటపడితే సంగతి వేరు. అక్కడి నుంచి ఎముకకు ఎంతో దూరం లేదు, కుక్క ఆ కాలితోనే మట్టిలో నడుస్తుంది, ఆ పుండునే రోజంతా నాకుతుంది.

వేలాడే గోరు దానంతట అదే రాలిపోతుందిలే అని చాలామంది ఆగుతారు. రాలుతుంది, నిజమే. ఆలోగా వేసే ప్రతి అడుగుకూ ఆ ముక్క కదిలి కింది గుజ్జును గీస్తూనే ఉంటుంది. అందుకే ఉంచడం, తీయించడం రెండింటిలో నేను తీయించడం వైపే మొగ్గుతాను. ఎవరు తీయాలన్నది వేరే ప్రశ్న. మొదలు ఇంకా పట్టుకుని ఉంటే ఇంట్లో లాగే సాహసం వద్దు. ఎంత సాధువైన కుక్కైనా ఆ నొప్పికి కరుస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు. వైద్యులైతే మత్తు ఇచ్చి మిగిలిన తొడుగును పూర్తిగా తీసి, ఎముకకు దెబ్బ తగిలిందేమో చూసి, పుండు కడిగి పంపుతారు. గుజ్జు మీద కొత్త తొడుగు మెల్లగా పరుచుకుంటుంది. గోరు పూర్తి పొడవుకు రావడానికి నెలలు పడుతుంది, మొదలు నలిగి ఉంటే వంకరగా రావచ్చు.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఆగిందా లేదా అని అరనిమిషానికోసారి ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడి మళ్లీ మొదటికొస్తుంది. గోటి కొన కత్తిరిస్తూ గుజ్జును తాకినప్పుడు వచ్చే నెత్తురుకు, రక్తాన్ని గడ్డ కట్టించి ఆపే స్టిప్టిక్ పొడి సరైనది, అది లేకపోతే చిటికెడు మొక్కజొన్న పిండి అద్దినా పనిచేస్తుంది. మొదలంటా ఊడిన గోటి పుండులో మాత్రం స్టిప్టిక్ పొడి వేయకండి, విపరీతంగా మండుతుంది. పది నిమిషాలు అదిమినా నెత్తురు ఆగకపోతే ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి. డాబర్‌మన్ జాతిలో వాన్ విల్‌బ్రాండ్ అనే రక్తస్రావ లోపం ఎక్కువ. అది ఉన్న సంగతి గోళ్లు కత్తిరించిన రోజే బయటపడవచ్చు.

కడగడానికి ఉప్పునీళ్లు చాలు: లీటరు కాచి చల్లార్చిన నీటికి 9 గ్రాముల ఉప్పు. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుస పొంగుతుంది కాబట్టి పని చేస్తున్నట్టు కనిపిస్తుంది కానీ మానే కణజాలాన్ని కూడా దెబ్బతీస్తుంది. కట్టు విషయంలో నా తప్పు మీరు చేయవద్దు. కట్టు నెత్తురు నేల మీద పడకుండా ఒక రాత్రికి పనికొస్తుంది, రోజూ విప్పి పొడిది కట్టకపోతే అదే చీముకు పెంపకకేంద్రం. నాకకుండా మెడకు గరాటు తగిలించి పుండును గాలికి వదలడం చాలా సందర్భాల్లో కట్టు కంటే మేలు. మన నొప్పి మాత్రలు మాత్రం వద్దే వద్దు. ఐబూప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పారాసెటమాల్ కాలేయానికి ముప్పు.

ఇప్పుడే వెళ్లాలా, పొద్దున్న వెళ్లవచ్చా అంటే, నెత్తురు ఆగి, గోరు వేలాడకుండా, కుక్క కాలు నేలకు ఆనిస్తుంటే పొద్దున్న వెళ్లినా ఫరవాలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పూటే వెళ్లండి.

కత్తెరా, గ్రైండరా

విరిగే గోళ్లలో చాలా వాటికి కారణం పొడవే. కుక్క గట్టి నేల మీద నడుస్తుంటే టకటకమని చప్పుడు వస్తోందంటే గోళ్లు పెరిగాయని అర్థం. పొడవైన గోరు నేలను తన్నినప్పుడల్లా వేలు వెనక్కి నెట్టుకుపోతుంది, వేళ్లు విచ్చుకుంటాయి, ముసలి కుక్కల్లో నడకే మారిపోతుంది.

ఉంగరంలోకి గోరు దూర్చి నొక్కే గిలెటిన్ రకం చిన్న కుక్కలకు, సన్నటి గోళ్లకు బాగుంటుంది. లావు గోళ్లను అది తెంపలేక నలుపుతుంది, చుట్ట తిరిగిన పై గోరు దాని ఉంగరంలోకి అసలు దూరదు. పెద్ద కుక్కలకు పటకారు ఆకారంలో ఉండే కత్తెరే నయం. ఏ రకమైనా పదును ముఖ్యం. మొండి కత్తెర గోరును కోయదు, పిండుతుంది. ఆ పిండిన చోట నిలువునా చీలిక మొదలవుతుంది. మంచి కత్తెర కొన్నామని మురిసిపోయి నాలుగేళ్లు అదే వాడేవారిని చూశాను. కుక్క కాలు లాక్కుంటోందని దాన్ని తిడతారు కానీ కత్తెరను మార్చరు.

గ్రైండర్ గోరును కోయకుండా అరగదీస్తుంది. గుజ్జుకు దగ్గరగా వెళ్తున్నామని తెలిసిపోతుంది కాబట్టి నల్లగోళ్లకు, పెళుసు గోళ్లకు, ముందే చీలిక ఉన్న గోళ్లకు నేను దీన్నే ఎంచుకుంటాను. కష్టాలు మూడు: చప్పుడు, వేడి, దుమ్ము. ఒకే చోట రెండు సెకన్లకు మించి ఆనిస్తే గోరు కాలుతుంది, కుక్క ఆ యంత్రాన్ని జీవితాంతం క్షమించదు. వేళ్ల మధ్య బొచ్చు పొడవుగా ఉంటే తిరిగే కొనకు చుట్టుకుంటుంది, పాత మేజోడులో గోళ్లు మాత్రం బయటకు పొడిచి బొచ్చును లోపలే ఉంచితే ఆ బెడద ఉండదు. దుమ్ముకు మీరు మాస్కు పెట్టుకోండి.

తెల్లగోటిలో గుజ్జు గులాబీరంగు గీతలా కనబడుతుంది, దానికి రెండు మిల్లీమీటర్లు ముందే ఆగిపోవచ్చు. నల్లగోటిని పలచటి బిళ్లలుగా కొద్దికొద్దిగా తీస్తూ ప్రతిసారీ కోసిన ముఖాన్ని చూడాలి. మొదట సుద్దలా పొడిగా, పొరలు పొరలుగా ఉంటుంది. నడిమధ్య నల్లగా మెరిసే చిన్న చుక్క కనిపించిందంటే గుజ్జు వచ్చేసినట్టే, కత్తెర పక్కన పెట్టేయండి. కాటుక గోళ్లలో ఆ చుక్కను గుర్తుపట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది, రెండుసార్లు మొక్కజొన్న పిండి డబ్బా కోసం పరుగెత్తాల్సి వచ్చింది.

బాగా పెరిగిపోయిన గోళ్లను ఒకేసారి పొట్టి చేయించడం, వారం వారం కొంచెం తీయడం అని రెండు దారులున్నాయి. రెండోదే మంచిది. గోరుతో పాటు గుజ్జు కూడా ముందుకు పెరిగి ఉంటుంది, తరచూ కొనలు తీస్తుంటే అది మెల్లగా వెనక్కి తగ్గుతుంది. గుజ్జులోంచి కోసి పొట్టి చేయడాన్ని వేరే శస్త్రచికిత్స కోసం మత్తు ఇచ్చినప్పుడు తప్ప ఆలోచించకండి.

నేల తాకని పై గోరు అరిగే దారే లేదు. గుబురు బొచ్చు కుక్కల్లో అది ఉంగరంలా చుట్టుకుని తిరిగి చర్మంలోనే దిగబడుతుంది. పైకి ఏమీ కనబడదు, బొచ్చు పాయ తీస్తే కనబడుతుంది. దిగబడిన గోరును ఇంట్లో కోయడం కంటే వైద్యుల చేత తీయించి పుండు శుభ్రం చేయించడమే సరి. ఈ గోరు మాటిమాటికీ ఇబ్బంది పెడుతోంది కదా, వేలితో సహా తీయించేద్దామా అని అడుగుతారు. ముందుకాలి పై వేలికి ఎముక, స్నాయువులు ఉంటాయి, పరుగులో మలుపు తిరిగేటప్పుడు, ఎముక ముక్కను పట్టుకుని కొరికేటప్పుడు కుక్క దాన్ని వాడుకుంటుంది. దాన్ని ఉంచి కత్తిరిస్తూ ఉండడమే నా సలహా. వెనక కాలికి చర్మం ఆధారంగా ఊగుతూ, పదేపదే చిక్కుకుని చిరిగే వేలైతే తీయించడంలో తప్పు లేదు.

కుక్క కాలు ముట్టుకోనివ్వకపోతే నలుగురు కలిసి పట్టుకుని కత్తిరించడం అన్నిటికంటే చెడ్డ దారి. ఈసారికి గోళ్లు తెగుతాయి, వచ్చేసారికి ఆరుగురు కావాలి. ఒక చెక్కకు గరుకు కాగితం అంటించి దాన్ని గోకడం నేర్పితే ముందుకాళ్ల గోళ్లు అదే అరగదీసుకుంటుంది. లేదంటే రోజుకు ఒక్క గోరు, వెంటనే ఇష్టమైన తినుబండారం. అదీ కుదరకపోతే వైద్యులను అడిగి భయం తగ్గించే మందు ముందుగా ఇచ్చి కత్తిరించవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

గోరుచుట్టు: కడగడమా, మాత్రలా, పరీక్షా

గోటి మొదలు ఎర్రబడి, వాచి, నొక్కితే చీమో జిగురో వస్తుంటే అది గోరుచుట్టే. కుక్కకు ఉన్న అసలు బాధ వేరే అయి, దాని మీద ఈ గోరుచుట్టు వచ్చి కూర్చునే సందర్భాలే ఎక్కువ. అలర్జీ ఉన్న కుక్క పాదాలు నాకి నాకి తడి చేస్తుంది, ఆ తడిలో మలసీజియా అనే ఈస్టు పెరుగుతుంది. తెల్లగోళ్ల మొదట్లో తుప్పు పట్టినట్టు గోధుమరంగు చార, వేళ్ల మధ్య మాగిన వాసన దాని గుర్తులు. ఇలా అనేక వేళ్లకు ఉంటే క్లోరెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో పాదాలు తుడిచి, పొడిగా ఆరబెట్టి, అలర్జీ సంగతి తేల్చుకోవడం సరైన దారి. గోళ్లకు మాత్రమే మందు వేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. టీ ట్రీ నూనె సహజమైనది కదా అని పూయకండి, కుక్క నాకితే అది విషం.

చీము ఉంటే నేరుగా యాంటీబయాటిక్ మొదలుపెట్టడమా, పరీక్ష చేయించడమా? గాజు పలక మీద కాస్త చీము అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే బ్యాక్టీరియానా, ఈస్టా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. ఆ చిన్న పరీక్ష లేకుండా మాత్రలు మొదలుపెట్టడంలో ఆదా అయ్యేదేమీ లేదు. ఇక గోరు చెడగానే ఫంగస్ అని తేల్చి నెలల తరబడి మందు ఇవ్వడం మనుషుల అలవాటును కుక్కకు అంటగట్టడమే. నిజమైన గోటి ఫంగస్ కుక్కల్లో అరుదు, ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ పరీక్షలో తేలాకే ఆ దారి పట్టాలి.

ఈ మొత్తం వ్యవహారంలో నేను మరీ మరీ చెప్పాలనుకునేది ఇదే. ఒకే ఒక్క వేలు, వాపు, గోరు ఊడడం లేదా వంకరగా పెరగడం, ఒక విడత యాంటీబయాటిక్ పూర్తయినా తగ్గకపోవడం: ఈ వరుస కనిపిస్తే రెండో రకం మాత్ర అడగకండి, ఎక్స్‌రే అడగండి. గోటి కింద వచ్చే కణితుల్లో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మకణాల క్యాన్సర్ ముఖ్యమైనది, ఆ తర్వాత రంగుకణాల క్యాన్సర్ మెలనోమా. పైకి రెండూ అచ్చం గోరుచుట్టులాగే కనిపిస్తాయి. నల్లబొచ్చు పెద్ద కుక్కల్లో, అంటే స్టాండర్డ్ పూడిల్, జెయింట్ ష్నాజర్, నల్ల లాబ్రడార్, రాట్‌వైలర్ వంటి వాటిలో, అదీ నడివయసు దాటాక, స్క్వామస్ సెల్ రకం ఎక్కువగా వస్తుంది. ఎక్స్‌రేలో చివరి ఎముక కరిగినట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. చీము ముదిరినా ఎముక అలాగే కరగవచ్చు కాబట్టి తేల్చేది ముక్క పరీక్షే. ముందు చిన్న ముక్క తీసి చూడడమా, వేలే తీసి పరీక్షకు పంపడమా అని వైద్యులు రెండు మార్గాలు చెబుతారు. ఎముక బాగా కరిగి ఉంటే వేలు ఎలాగూ నిలవదు, అప్పుడు రెండో మార్గంలో కుక్కకు ఒకటే శస్త్రచికిత్సతో పోతుంది. దానికి ముందు ఛాతీ ఎక్స్‌రే, దగ్గరి లింఫ్ గ్రంథి పరీక్ష చేయించాలి. ఒక వేలు పోతే కుంటుతుందేమోనని బెంగ వద్దు. బరువు ఎక్కువగా మోసేవి మధ్య వేళ్లు రెండు, వాటిలో ఒకటి పోయినా చాలా కుక్కలు చక్కగా నడుస్తాయి.

గోళ్లు వరసగా ఊడుతుంటే

నిన్నటి దాకా ఆడుకుంటున్న కుక్కకు ఒక గోరు ఊడుతుంది. ఎక్కడో తగిలించుకుందిలే అనుకుంటాం. రెండు వారాలకు ఇంకో కాలిలో ఇంకోటి. రెండు మూడు నెలల్లో దాదాపు అన్నీ ఊడి, వాటి స్థానంలో పొట్టిగా, మెత్తగా, పొడిపొడిగా రాలే గోళ్లు వస్తాయి. మిగతా ఒళ్లంతా బాగానే ఉంటుంది. దీనికి సిమెట్రికల్ లూపాయిడ్ ఆనికోడిస్ట్రఫీ అని నోరు తిరగని పేరు. ఒంటి రోగనిరోధక వ్యవస్థే గోటి మొదలు మీద దాడి చేయడం వల్ల వస్తుందని భావిస్తారు. జర్మన్ షెపర్డ్, గోర్డన్ సెట్టర్ జాతుల్లో ఎక్కువ, సాధారణంగా 3 నుంచి 8 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఇసుకఈగ ద్వారా లీష్మేనియా అనే పరాన్నజీవి వ్యాపించే ప్రాంతాల్లో గోళ్లు అతిగా పెరిగి వంకర తిరగడం, బరువు తగ్గడం, చర్మం పొలుసులు లేవడం ఉంటే ముందు దానికి రక్తపరీక్ష చేయించాలి.

నిర్ధారణకు ముక్క పరీక్ష కావాలంటే వేలి చివరి ఎముకతో సహా తీయాల్సి రావచ్చు, బరువు మోయదు కాబట్టి పై గోరునే దానికి ఎంచుకుంటారు. జబ్బు తీరు ఇంత స్పష్టంగా ఉండి, కుక్క మిగతా అన్నివిధాలా ఆరోగ్యంగా ఉంటే ఆ కోత లేకుండానే చికిత్స మొదలుపెట్టే వైద్యులతో నేను ఏకీభవిస్తాను. తీరు కాస్త అటూఇటూగా ఉంటే పరీక్షే మేలు.

మందుల్లో తేలికైనది చేపనూనె వంటి కొవ్వు ఆమ్లాలు. తర్వాతి మెట్టు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, నియాసినమైడ్ అనే బి3 విటమిన్ రూపం, ఈ రెండింటి జంట. నియాసినమైడ్‌కు బదులు పేరు దగ్గరగా ఉందని నియాసిన్ కొనకండి, అది ఒళ్లు ఎర్రబారేలా చేస్తుంది. పెంటాక్సిఫిలిన్ మరొక దారి. వీటికి లొంగకపోతే రోగనిరోధక దాడిని అణిచే స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్. స్టెరాయిడ్ త్వరగా నొప్పి తగ్గిస్తుంది కానీ దాహం, ఆకలి, బరువు పెంచుతుంది, ఏళ్ల తరబడి వాడదగింది కాదు. కుక్క నొప్పితో నడవలేకపోతుంటే కొన్ని వారాలు స్టెరాయిడ్‌తో గట్టెక్కించి, దాని చాటున తేలిక మందులు మొదలుపెట్టడం నాకు నచ్చిన పద్ధతి. నొప్పి అంతగా లేకపోతే కొవ్వు ఆమ్లాలు, డాక్సీసైక్లిన్ జంటతోనే మొదలుపెట్టవచ్చు. బయోటిన్ ఇస్తే పెద్ద హాని లేదు, ఊడే గోళ్లకు అదొక్కటే చాలదు. గోళ్లన్నీ శస్త్రచికిత్సతో తీయించడం అన్ని మందులూ ఓడిపోయాకే.

ఇక్కడ యజమానులు చేసే పొరపాటు నెల రోజులకే మందు మార్చడం. గోరు మెల్లగా పెరుగుతుంది. మూడు నాలుగు నెలలు గడవకుండా మందు పనిచేసిందో లేదో చెప్పలేం. అప్పుడు కూడా చూడాల్సింది విరిగిన కొనను కాదు, మొదట్లో కొత్తగా వస్తున్న భాగాన్ని. అది నున్నగా, గట్టిగా ఉంటే మందు పనిచేస్తోంది. నెలకోసారి అదే కాలిని అదే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి, మన జ్ఞాపకం కంటే ఫోను నమ్మదగింది. ఈ కుక్కల గోళ్లను వారం పది రోజులకోసారి గ్రైండర్‌తో పొట్టిగా ఉంచాలి. కత్తెర ఆ పెళుసు గోళ్లను నిలువునా చీలుస్తుంది.

కాటుక గోరు సంగతి చెప్పలేదు. మత్తు ఇచ్చి తీశారు, ఎక్స్‌రేలో ఎముక బాగుంది, చీము తగ్గడానికి పది రోజులు పట్టింది. కొత్త గోరు ఇప్పుడు కాస్త ఎడమకు వాలి, మిగతావాటి కంటే లావుగా పెరిగింది. ప్రతి ఆదివారం గ్రైండర్ మోగగానే అది తనంతట తానే వచ్చి ఎడమ కాలు ముందు పెడుతుంది, ఆ కుడి కాలిని మాత్రం చివరిదాకా కడుపు కింద దాచుకుంటుంది.